బెల్లం నీళ్ల సిమెంటు

కిటికీ పక్క సీటే దొరికింది. దొరక్కపోయినా బాగుండేది. నిలబడి ఒక చేత్తో పైకడ్డీ, ఇంకో చేత్తో బ్యాగు పట్టుకుని నలుగురి మోచేతి పోట్లు తింటూ పోయుంటే ఆలోచనకు సందు ఉండేది కాదు. నంద్యాల బస్టాండులో మూడూ పదికి కదలాల్సిన ఆళ్లగడ్డ బస్సు మూడూ ఇరవైకి కూడా కదల్లేదు. డ్రైవరు కింద నిలబడి తీరిగ్గా నిమ్మసోడా తాగుతున్నాడు, ఆయనకేం తొందర, ఆయన సంచిలో ఉత్తరం లేదు. నా బ్యాగులో ఉంది. రెండు పేజీలు, కింద ఆర్షియా అని నా సంతకం, ఈరోజు తేదీ. ఈ ఉత్తరం ఇప్పుడు మా కాలేజీలో ప్రొఫెసర్ పరంజ్యోతి గారి టేబుల్ మీద ఉండాలి. ఆయన గది దాకా వెళ్లాను కూడా. తలుపు సగం తెరిచే ఉంది. లోపల ఆయన చెప్పులు విడిచి, పాదాలు కుర్చీ కింద ముడుచుకుని ఏదో థీసిస్ చదువుతున్నారు, బహుశా నాదే. ఆ పాదాలు చూసి వెనక్కి వచ్చేశాను. మనిషి పాదాలను చూసి పారిపోయి వచ్చిన దాన్ని లోకంలో నేనొక్కదాన్నే ఉంటాను. సాయంత్రం అయిదు లోపల ఈ ఉత్తరం ఆయనకు చేరకపోతే మా ల్యాబులో అటెండరు ఉద్యోగం కొత్త మనిషికి ఖాయమైపోతుంది, సంతకం ఒక్కటే మిగిలింది. ఆ ఉద్యోగం ఆదెమ్మక్కది. పద్నాలుగు నెలల కిందట అది ఆమె చేతిలోంచి పోవడానికి కారణం నేను. ఇంత తెలిసీ వచ్చి బస్సులో కూచున్నాను. ఫోటో తీసి ఫోన్లో పంపితే అరనిమిషం పని, అదీ తెలుసు. తెలిసిన వాటికేం కొదువ లేదు నాకు.

"మ్మే పాపా, ఈ టువ్వాల నీ పక్కన ఎయ్యి, నేను ఎక్కుతాండా" అని కింద నుంచి ఒక పెద్దావిడ కిటికీలోంచి ఎర్ర టువ్వాల నా ఒళ్లోకి విసిరింది. పక్క సీట్లో పరిచాను. మా బస్సుల్లో అదొక చట్టం, గుడ్డ పడితే సీటు వాళ్లదే, మనిషి వచ్చేదాకా దాని మీద ఎవరూ కూచోరు, కూచుంటే గొడవే. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయ్యాక ఈ టువ్వాలలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆదెమ్మక్కది ఆకుపచ్చది. పొద్దున ఏడూ ఇరవై బస్సుకు ఆమె ఆళ్లగడ్డ బస్టాండులో ఏడింటికే ఎక్కి కూచునేది, పక్క సీట్లో ఆకుపచ్చ టువ్వాల పరిచేది, నేను ఏడూ పంతొమ్మిదికి జుట్టు ముడి వేసుకుంటూ పరిగెత్తుకొచ్చేదాన్ని. మూడేళ్లు. మూడేళ్లలో ఒక్కరోజు కూడా నేను ముందు వచ్చి ఆమెకు సీటు పట్టలేదు, అది గుర్తుకొస్తే చెవులు వేడెక్కుతున్నాయి. మహానంది నుంచో అహోబిలం నుంచో వచ్చేవాళ్లు బస్సులో లడ్డు తుంచి పెడితే, కళ్లకద్దుకుని తన ముక్క కూడా నా చేతిలో పెట్టేది. "నువ్వు తిను మేడమ్, చదువుకునేదానివి" అనేది. వయసులో నాకు అమ్మంత మనిషి, నేను అక్కా అంటాను, ఆమె మేడమ్ అంటుంది, పేరుకు ఇద్దరం ఒక ల్యాబే. ఆమె సీసాలు కడిగేది, ఆమె కడిగిన సీసాల్లో నేను ప్రయోగాలు చేసేదాన్ని. ఒక్క సీసాలో మరక ఉన్నా మళ్లీ యాసిడ్ తొట్టిలో ముంచి, మూడుసార్లు మంచినీళ్లతో, రెండుసార్లు శుద్ధ జలంతో తొలిచేది. ఎవరూ చెప్పకుండానే వెలుతురుకు ఎత్తి చూసేది. ఆ కడుగుడునే తప్పుపట్టారు. పట్టనిచ్చాను.

బస్సు కదిలింది. ఎర్ర టువ్వాల పెద్దావిడ వచ్చి కూచుని, కండక్టరుకు ఆధార్ చూపించి, కళ్లు మూసుకుంది. అదృష్టవంతురాలు. అయ్యలూరు మెట్ట దాటాక ఎడమ వైపు నల్లమల కొండలు వెంట వస్తాయి, ఆళ్లగడ్డ దాకా వదలవు. ఈ దారిలోనే ఒకరోజు ఆదెమ్మక్క అడిగింది, "నేను ఇన్ని సీసాలు కడుగుతాండా గదా, అసలు మనం చేసేది ఏందీ మేడమ్?" అని. మూడేళ్లలో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు, మా ఇంట్లో వాళ్లు కూడా. చెప్పాను. అణు కరెంటు తీసేచోట చెత్త మిగులుతుంది అక్కా, చేతి తొడుగులు, తుడిచిన గుడ్డలు, వడగట్టిన కాగితాలు, వాటికి విషం లాంటి లోహాలు అంటుకుని ఉంటాయి, వాటిని డ్రమ్ముల్లో వేసి సిమెంటు పోసి గట్టిచేసి పూడుస్తారు. సిమెంటు ఆ లోహాలను తన ఒంటికి అతికించుకుని కదలనివ్వదు, నీళ్లు తగిలినా వదలదు. ఎన్నేండ్లు వదలదు? వందల ఏళ్లు అక్కా, కొన్నిటికైతే వేలు. ఆమె కిటికీలోంచి చూసి, "అప్పటికి చూసేకి ఎవురుంటారు మేడమ్?" అంది. అదే అక్కా, ఎవరూ ఉండరు కాబట్టే ఇప్పుడే చూడాలి. చిక్కంతా ఆ గుడ్డలతోనే. సిమెంటులో ఊరే నీళ్లు సున్నం నీళ్ల కన్నా ఘాటు, ఆ ఘాటుకు దూది, గుడ్డ, కాగితం ఏళ్ల తరబడి చివికి చక్కెర జాతి ఆమ్లాలుగా విడిపోతాయి. ఆ ఆమ్లానికి చేతులు ఎక్కువ, సిమెంటును పట్టుకుని కూచున్న లోహాన్ని పట్టి ఊడలాగి, చేయి పట్టుకుని నీళ్లలోకి తీసుకుపోతుంది. దూది తప్పు చేస్తాదా అని ఆమె నవ్వింది. మా జేజినాయన దూది ఏకేవాడు, మేం దూదేకుల వాళ్లం, మా ఇంటి పేరే దూదిని మోస్తోంది, ఆ మాట విని నేనూ నవ్వాను. అప్పుడు నవ్వు ఎంత సులువుగా వచ్చేది.

చిన్నప్పుడు బడి వాళ్లు బెలుం గుహలకు తీసుకుపోయారు. లోపల గైడు టార్చి వేసి, ఇది ఒకప్పుడు గట్టి రాయి, నీళ్లు కరిగించుకుని పోయినాయి అని చెప్తే నేను నమ్మలేదు. ఇంత రాయిని నీళ్లు ఏం చేస్తాయి సార్ అని అడిగితే, నీళ్లకు ఓపిక ఎక్కువమ్మా అన్నాడు. ఆ మాటే నన్ను ఈ చదువులోకి లాగిందని ఇంటర్వ్యూలో చెప్పాను, పరంజ్యోతి గారు తల ఆడించారు. అందంగా మాట్లాడటం నాకు బాగా వచ్చు. మాట్లాడాల్సిన చోటే రాదు.

మాది చిన్న ల్యాబు, అసలు విషపు లోహాలు మా దాకా రావు, వాటికి తోబుట్టువులా ప్రవర్తించే యూరోపియం వాడతాం, దానితో ఎవరికీ ప్రమాదం లేదు. సిమెంటు బిళ్లలు పోసి, గట్టిపడ్డాక పొడి చేసి, సీసాల్లో ఘాటు నీళ్లలో వేసి, చిటికెడు యూరోపియం కలిపి, కొన్నిటిలో చక్కెర ఆమ్లం చేర్చి, కొన్నిటిలో ఏమీ చేర్చకుండా నెలల తరబడి ఉంచి, చివరికి నీళ్లలో ఎంత మిగిలిందో కొలుస్తాం. ఏమీ చేర్చనివే అన్నిటికీ ఆధారం. ఉత్త సిమెంటు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పట్టుకుంటుందని ముందు చూపించాలి, అది కుదిరితేనే తక్కిన లెక్కకు విలువ. రెండేళ్ల కిందట మే నెలలో ల్యాబులో ఏసీ కాలిపోయింది, నేను పోసిన బిళ్లలు మూడుసార్లు పగిలాయి. నలభై నాలుగు డిగ్రీల ఎండ, గదిలో నిలబడితే కొలిమి పక్కన నిలబడినట్టే. గడువు దగ్గర పడింది. అచ్చులు, సిమెంటు డబ్బా సంచిలో వేసుకుని ఆళ్లగడ్డకు తీసుకుపోయి నాయన ముందు పెట్టాను. మా నాయన అబ్దుల్ రహిమాన్, ఊళ్లో రహిమాన్ మేస్త్రి అంటారు. ముప్పై అయిదేళ్లుగా ఇండ్లు కడుతున్నాడు. ఆయన వేసిన స్లాబు మండుటెండలో వేసినా వెంట్రుక వాసి పగులు ఇవ్వదని చెప్పుకుంటారు. ఆ అచ్చుల్ని వేలితో తట్టి, "ఇవేందమ్మా, పిల్లకాయలు ఆడుకునే బిళ్లలు" అన్నాడు, అంటూనే లుంగీ ఎగగట్టి కూచున్నాడు. నలభై బిళ్లలు. నాకు ఒక్కటి కూడా పగలకుండా ఇచ్చాడు. నా నోటుబుక్కులో మాత్రం 'ప్రయోగశాలలో, ఇరవై ఏడు డిగ్రీల వద్ద పోయబడినవి' అని రాసుకున్నాను. ఆ పోయబడినవి అనే మాట భలే మాట, ఎవరు పోశారో చెప్పకుండా పని జరిపించేస్తుంది. అది మొదటి అబద్ధం. చిన్నదే అనుకున్నాను. మేస్త్రి చేయి ల్యాబు చేయి కన్నా నికరమే కదా అనుకున్నాను. అబద్ధం చెప్పేవాళ్లకు ఎప్పుడూ ఒక మంచి కారణం సిద్ధంగా ఉంటుంది.

శిరివెళ్ల మెట్ట. బస్సు ఆగింది, శనగకాయల బుట్టతో ఒకామె ఎక్కింది, వేయించిన కాయల వాసన వచ్చింది. పొద్దున బస్సులో ఇక్కడే ఆదెమ్మక్క చిన్న రేకు డబ్బా తీసి ఒక మాత్ర వేసుకుని, ఆ తర్వాత సంగటి ముద్ద విప్పేది. నేను నీళ్ల సీసా మూత తిప్పి ఇచ్చేదాన్ని. ఆ విషయం వద్దు. ఆ విషయం ఇప్పుడెందుకు. శనగకాయలు కొందామా అనుకున్నాను, ఆకలి లేదు.

ఆ ఏడాది డిసెంబరులో ఏడు సీసాల ఫలితాలు వచ్చాయి. ఏమీ కలపని ఉత్త సిమెంటు సీసాలు అవి, తొంభై తొమ్మిది ఉండాల్సిన చోట డెబ్బై. కొన్నిటిలో అరవై రెండు. యూరోపియం నీళ్లలో తిరుగుతోంది, ఎవరో చేయి పట్టుకుని బయటికి తెచ్చినట్టు. పరంజ్యోతి గారు ఆ కాగితం చూసి ల్యాబంతా తిరిగారు, ప్రతి అర తెరిచారు. సింకు పక్క అరలో, సీసాల గుడ్డల వెనక, చక్కెర పొట్లం దొరికింది. కాగితం పొట్లం, సగం వాడింది. పక్కనే రెండు టీ గ్లాసులు. ల్యాబులో తినేదీ తాగేదీ ఉండకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. సీసాలు కడిగే చోట చక్కెర, అది చాలు, ఉత్త సిమెంటు ఎందుకు చెడిందో ఆయనకు అరక్షణంలో అర్థమైపోయింది. ఆయన ఆదెమ్మక్క వైపు చూశారు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను కన్నెత్తి చూడలేదు గానీ నా చెంప మీద తగిలింది, ఇప్పటికీ ఆ చెంపే వేడిగా ఉంటుంది. ఆ టీ నేను తెప్పించుకున్నది. రోజూ మధ్యాహ్నం కింద హోటలు టీ లో చక్కెర చాలదని ఆ పొట్లం తెచ్చి దాచింది నేను. "ఇది ఎవరిదమ్మా?" అని ఆయన అడిగారు, ఆమెనే అడిగారు, ఎందుకంటే చక్కెర పొట్లం పీహెచ్‌డీ చేసే అమ్మాయిది అయ్యుంటుందని ఆయనకు తట్టలేదు. ఆమె జవాబు చెప్పలేదు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఒక నిమిషం, అంతే, ఒక్క నిమిషం. ఆ తర్వాత ఆ నిమిషంలోంచి బయటికి రావడానికి దారి లేదు. సాయంత్రం ఆయన అడిగితే, 'గాజు సామాను శుభ్రతలో సిబ్బంది అజాగ్రత్త' అని రెండు వరుసలు రాసి ఇచ్చాను. నెలాఖరుకు ఆమె రావద్దన్నారు. పదకొండేళ్ల ఉద్యోగం. ఏడూ ఇరవై బస్సులో ఆకుపచ్చ టువ్వాల లేదు, మరుసటి రోజు నుంచి నేను నిలబడే వెళ్లాను, అది నా ప్రాయశ్చిత్తం అనుకున్నాను, ఎంత చవగ్గా దొరికిందో.

ఆ ఏడు సీసాలనూ పారబోశాం. ఏసీ బాగయ్యాక, ల్యాబులోనే కొత్త బిళ్లలు పోశాం. అవి తొంభై తొమ్మిది ఇచ్చాయి. అందరం సంతోషించాం, నేను కూడా. చూశారా, కడుగుడే తప్పు అని ఎవరో అన్నారు, ఆ మాటకూ తల ఆడించాను. సీసాలు కడిగింది ఈసారి నేనే, బాగా కడిగావని మెచ్చుకున్నారు.

పోయిన ఆదివారం. నాయన మోకాళ్ల నొప్పులతో మంచం మీద ఉన్నాడు, ఆయన దగ్గర పని నేర్చుకున్న షాకీర్ వచ్చి కూచున్నాడు, ఇప్పుడు సొంతంగా పనులు పట్టుకుంటున్నాడు. ఈ ఎండలు మాఘంలోనే మొదలైనాయి మామా, గోడకు నేనేసే గిలాబు తెల్లారేపాటికి పగులు చూపిస్తాంది, నీది ఎట్ల నిలబడతాది అని అడిగాడు. నాయన ఊరికే చెప్పేవాడు కాదు, ఆ రోజు నొప్పి తగ్గి మనసు బాగుంది. "బెల్లం నీళ్లురా. మూటకు పిడికెడు బెల్లం నానేసి ఆ నీళ్లు కలుపు. సిమెంటు బేగా బిగుసుకోదు, నిదానంగా పట్టుకుంటాది, పగలదు. ఎక్కువేస్తే మాత్రం అసలు బిగుసుకోదు, సూసుకో" అన్నాడు. నేను వంటింట్లో అమ్మ పక్కన నిలబడి ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. కత్తి ఆగిపోయింది. బయటికి వచ్చి అడిగాను. "నాయనా, నా బిళ్లలకు గూడా ఏశినావా?" ఆయన నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. "ఏయకుంటే ఎట్లమ్మా? మే నెల ఎండ. నీవి గదా, ఒక్కటి గూడా పగలగూడదని రోంత ఎక్కువే ఏశినా. ఆ పొద్దు మీయమ్మ బెల్లం అచ్చు యాడపాయ అని ఇల్లంతా ఎతికింది." వంటింట్లోంచి మా అమ్మ మాబున్నీ, ఓహో నువ్వేనా దొంగవు అని గట్టిగా అంది. అందరూ నవ్వారు. "యామైనా తప్పు జరిగిందా మ్మా?" అని నాయన అడిగాడు, నా ముఖం చూసి. "లేదు నాయనా. ఒక్కటీ పగల్లేదు" అన్నాను. అదొక్కటి నిజం.

బెల్లం. ఘాటు నీళ్లలో బెల్లం కూడా చివికి అదే జాతి ఆమ్లాలు అవుతుంది, నా థీసిస్ మూడో అధ్యాయమంతా అదే. మూడో అధ్యాయం రాసిన మనిషికి తన ఇంట్లో బెల్లం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆదెమ్మక్క సీసాల్లో ఏమీ లేదు. చక్కెర పొట్లానికీ ఆ సీసాలకూ సంబంధమే లేదు. నాయన నా మీద ప్రేమతో పోసిన పిడికెడు తీపి ఆ లోహాన్ని వదిలించింది, నేను పారబోసిన ఆ ఏడు సీసాలే అసలైన జవాబు. ఎక్కడో ఒక ఎండకాలంలో, డ్రమ్ముల్లో సిమెంటు పోసేచోట కూడా ఇలాంటి ఒక మంచి మేస్త్రి ఉంటే, పగలకూడదని అతనూ ఒక పిడికెడు కలిపితే, మూడొందల ఏళ్ల తర్వాత దాని సంగతి ఎవరికి తెలుస్తుంది? అడగాల్సిన ప్రశ్న అది. నా చేతిలోకి దానంతట అదే వచ్చింది, నేను దాన్ని సింకులో పోసి నీళ్లు వదిలాను. ఇది కూడా ఉత్తరంలో రాశాను. బిళ్లలు ఎక్కడ పోశారో, ఎవరు పోశారో, నోటుబుక్కులో నేనేం రాశానో, టీ ఎవరిదో, పొట్లం ఎవరిదో. వైవాకు ఇరవై రోజులుంది, ఇది బయటపడితే వైవా ఉండదు, ఇంకో ఏడాదో రెండేళ్లో, అసలు ఉంటుందో ఉండదో. దానికి సిద్ధపడే రాశాను. అంతా రాశాను. దాదాపు అంతా.

అయినా పరంజ్యోతి గారి తలుపు దాటలేకపోయాను. పైగా ఎంత తెలివి చూపించాను, ముందు ఆదెమ్మక్కకు చెప్పి ఆమె ఒప్పుకున్నాకే ఇవ్వడం మర్యాద అని నాకు నేను చెప్పుకుని ఈ బస్సెక్కాను. మర్యాద కాదు, భయం. ఆమె పోనీలే మేడమ్ అంటుందని ఆశ. పోనీలే, అయిపోయింది, ఎందుకిప్పుడు, నీ చదువు చెడిపోతాది అని ఆమె అంటే ఉత్తరం చింపేయొచ్చని ఆశ. నల్లగట్ల దగ్గర బస్సు ఒక ట్రాక్టరు వెనక ఇరుక్కుని నడకలో పోతుంటే ఈ ఆశ నాలో ఇంత స్పష్టంగా కనిపించింది. నా మీద నాకే రోత పుట్టింది. ఎర్ర టువ్వాల పెద్దావిడ కళ్లు తెరిచి "ఏంమ్మా, కడుపులో తిప్పుతాందా? కిటికీ తెరుచుకో" అంది. తెరిచాను. వేడి గాలి కొట్టింది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే రాతి బొమ్మలు మొదలవుతాయి. సగం చెక్కిన దేవుళ్లు, తల లేని నాయకులు, తాళ్లతో కట్టి లారీ కోసం నిలబెట్టిన నందులు. బస్సు దిగి నడిచాను. నాలుగూ ఇరవై అయిదు. ఆదెమ్మక్క ఇప్పుడు ఒక శిల్పుల షెడ్డులో బొమ్మలకు నునుపు పెట్టే పని చేస్తోందని అమ్మ చెప్పింది, నేను ఇంతవరకు ఆ వైపు పోలేదు, పద్నాలుగు నెలలు చుట్టూ తిరిగి ఇంకో సందులోంచి ఇంటికి పోయాను. షెడ్డులో కోత మిషను రొద, గాల్లో తెల్లటి దుమ్ము. ఆమె ఒక అమ్మవారి మోకాలి దగ్గర కింద కూచుని, నీళ్లు చిలకరిస్తూ సానరాయితో రుద్దుతోంది. ముక్కుకు ఆకుపచ్చ టువ్వాల కట్టుకుంది. కనుబొమ్మలు తెల్లబడి ఉన్నాయి. చిక్కిపోయింది.

"ఏం మేడమ్, ఇట్లొచ్చినావు?" అంది, చేయి ఆపకుండా.

"నీతో మాట్లాడాలక్కా."

"మాట్లాడు. పని చేతులకుండాది, చెవులకు లేదు."

ఉత్తరం తీశాను. ఆమెకు చదవడం రాదు, నేనే చదవాలి, ఆ సంగతి కూడా బస్సులో నాకు తట్టలేదు. ఎవరో మిషను ఆపారు, టీ వేళ. ఉన్నట్టుండి వచ్చిన ఆ నిశ్శబ్దంలో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. చదివాను. నాయన పేరు వచ్చినప్పుడు ఆమె చేయి ఆగింది.

"రహిమానన్న బెల్లం కలిపినాడా?" అంది. టువ్వాల వెనక నవ్విందేమో, కళ్ల చివర దుమ్ము ముడతలు పడింది. "మాయింటి స్లాబు గూడా అన్నే ఏశినాడు. పదైదేండ్లాయ, ఈ పొద్దుకూ చుక్క దిగలేదు."

మిగతాది చదివాను. టీ నాది. పొట్లం నాది. అజాగ్రత్త అని రాసింది నేను. ఆదెమ్మ గారి తప్పు ఏమీ లేదు, ఆమె ఉద్యోగం ఆమెకు తిరిగి ఇవ్వవలసింది. కింద సంతకం. ఆమె సానరాయిని నీళ్ల డబ్బాలో వేసి, తడి చేతులు చీరకు తుడుచుకుని నన్ను చూసింది. పోనీలే మేడమ్ అంటుందని ఒక్క క్షణం, దేవుడా, ఆ క్షణంలో కూడా ఎదురుచూశాను.

"నాకు షుగరుండాదని రాసినావా?"

చేతిలోని ఉత్తరం మడిచాను.

"రోజూ శిరివెళ్ల మెట్ట కాడ నా మాత్రకు నీళ్లు నువ్వే ఇచ్చినావు. నా లడ్డు నువ్వే తినినావు. నేను చక్కెర ముట్టి తొమ్మిదేండ్లాయ, నీకు తెల్సు. ఆ పొద్దు సారు అడిగినప్పుడు ఆయమ్మకు షుగరు సార్, ఆయమ్మ చక్కెర తాగదు సార్ అని ఒక్క మాట అంటావని నీ మొగమే చూస్తా నిలబడుకున్న్యా."

"తెలుసక్కా. అప్పుడూ తెలుసు."

"నేను చెప్పుకోవచ్చు. నోరు లేకనా? నేను చెప్తే మరి పొట్లం ఎవురిదని అడుగుతాడు. అది నువ్వు చెప్పాల్సింది. నువ్వు చెప్తావని ఉన్న్యా." ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "రాయి. అది గూడా రాయి."

అమ్మవారి పీఠం మీద కాగితం పెట్టి, సంతకం కింద రాశాను. ఆదెమ్మ గారికి మధుమేహం ఉంది, ఆమె చక్కెర వాడదు, ఈ సంగతి ఆ రోజు నాకు తెలిసి కూడా చెప్పలేదు. తెలిసి కూడా అన్న చోట పెన్ను రాయి మీద జారింది, మళ్లీ దిద్దాను. మళ్లీ సంతకం పెట్టాను. రెండు పేజీలూ ఫోటో తీసి పరంజ్యోతి గారికి పంపాను. నాలుగూ నలభై ఆరు. పీఠానికి చేయి ఆనించి నిలబడ్డాను.

"చూసినాడా?" అంది ఆమె.

"చేరిందక్కా. ఇంకా చూడలేదు."

"చూసేదాకా ఈడనే ఉండు."

ముక్కుకున్న ఆకుపచ్చ టువ్వాల విప్పి, రెండుసార్లు దులిపి, పక్కనున్న రాతి దిమ్మె మీద పరిచింది, ఏడూ ఇరవై బస్సులో పరిచినట్టే. ఆ తర్వాత నా వైపు చూడకుండా డబ్బాలోంచి సానరాయి తీసుకుని మళ్లీ మోకాలి మీద రుద్దడం మొదలుపెట్టింది. మిషను మళ్లీ మొదలైంది, దుమ్ము లేచింది, ఆమె ముక్కుకు అడ్డంగా ఇప్పుడు ఏమీ లేదు. నేను ఆ టువ్వాల మీద కూచోలేకపోయాను. తీసుకెళ్లి ఆమె మెడ వెనక నుంచి ముక్కుకు కట్టాను, కట్టనిచ్చింది. ఫోను చేతిలో పట్టుకుని ఆమె పక్కన కింద, తెల్లటి బురదలో కూచున్నాను.